ముగ్గురే ఉన్న ఆప్స్ (సర్వర్లు చూసుకునే) టీం ఎన్ని క్లౌడ్లు మోయగలదు: ఏ దారి ఎవరికి సరిపోద్ది

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో పనిచేసే వాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే. "అన్నా, మా యాప్ అమెజాన్ వాళ్ళ ఏడబ్ల్యూఎస్‌లో ఉంది, పెద్ద క్లయింట్ ఒకాయన మైక్రోసాఫ్ట్ అజూర్‌లోనే కావాలన్నాడని అక్కడొకటి పెట్టాం, గూగుల్ క్లౌడ్‌లో స్టార్టప్ క్రెడిట్లు వచ్చాయని రిపోర్టులు అందులో నడుపుతున్నాం, చూసుకునేది మాత్రం ముగ్గురమే, ఇదంతా ఎట్టా పట్టుకోవాలి, ఏ టూల్ తీసుకోవాలి" అని. వీళ్ళు నడిపేవి తేలిక పనులేం కాదు, రొయ్యల ఫీడ్ డీలర్ల లెక్కలు, కోల్డ్ స్టోరేజీ స్టాకు, చీమకుర్తి గ్రానైట్ ఎగుమతి కాగితాలు, ఆసుపత్రి బిల్లింగు, వీటిల్లో ఏదాగినా యాడో ఒక చోట లారీ గేటు దగ్గర నిలబడిపోద్ది. నెట్‌లో దొరికే సలహాలేమో వంద మంది ఇంజినీర్లున్న టీములకి రాసినవి. అందుకని ఇద్దరి నుంచి ఐదుగురి దాకా ఉన్న టీముని దృష్టిలో పెట్టుకుని, ఉన్న దారులన్నీ పోల్చి, నేనైతే ఏది ఎంచుకుంటానో కూడా చెప్తున్నా.

టూల్స్ సంగతి కాసేపు పక్కన పెట్టి ముందు మనుషుల లెక్క వెయ్యండి. రాత్రి రెండింటికి ఫోన్ మోగితే లేచి, లాప్‌టాప్ తెరిచి, ఏమైందో కనుక్కుని సరిచెయ్యగలిగే వాళ్ళు మీ దగ్గర నిజంగా ఎంతమంది? గూగుల్‌లో సైట్ రిలయబిలిటీ (సర్వీసులు ఆగకుండా చూసే) పని చేసేవాళ్ళు వేసుకున్న లెక్క ప్రకారం ఒకే ఊళ్ళో ఉన్న టీం 24 గంటల ఆన్‌కాల్ (ఎప్పుడు పిలిచినా పలికే కాపలా) మోయాలంటే కనీసం 8 మంది కావాలి, ప్రైమరీ ఒకరు, సెకండరీ ఒకరు, వారం వారం మారుకుంటా. మన దగ్గర ముగ్గురు, అందులో ఒకరు కోడ్ కూడా రాస్తుంటారు, ఒకరు పండక్కి ఊరెళ్తారు, అంటే మిగిలింది ఒక్కరే. ముత్తుకూరు, విడవలూరు వైపు రొయ్యల గుంటలు చూసినోళ్ళకి ఇది ఇంకా బాగా అర్థమవుద్ది, రాత్రి ఏరేటర్ ఆగితే తెల్లారేసరికి గుంట పోద్ది, అందుకే ఎన్ని గుంటలు వెయ్యాలో తేల్చేది రాత్రి కాపలాకి ఉన్న మనుషులు.

మూడు క్లౌడ్లూ పైకి ఒకేలా కనపడతాయి గానీ లోపల దేని దారి దానిదే, చిన్న టీముని అలసటపెట్టేది ఇదే. ఉదాహరణకి నెట్‌వర్క్ తీసుకోండి, ఏడబ్ల్యూఎస్‌లో వీపీసీ (క్లౌడ్‌లో మన సొంత నెట్‌వర్క్) ఒక రీజియన్‌కే (ఒక ప్రాంతంలోని డేటాసెంటర్ల గుంపుకే) పరిమితం, సబ్‌నెట్ (ఆ నెట్‌వర్క్‌లో ఒక ముక్క) ఒక అవైలబిలిటీ జోన్‌లోనే (ఆ గుంపులో విడిగా నడిచే ఒక భాగంలోనే) ఉంటది, అజూర్‌లో అదే నెట్‌వర్క్‌ని వీనెట్ అంటారు, అది రీజియన్‌దే గానీ సబ్‌నెట్ జోన్లన్నిట్లో పరుచుకుంటది, గూగుల్‌లో వీపీసీ ప్రపంచమంతా ఒకటే, సబ్‌నెట్ రీజియన్‌ది. ఫైర్‌వాల్ రూల్స్ ఏడబ్ల్యూఎస్ సెక్యూరిటీ గ్రూపులో "అనుమతించు" అనేవే ఉంటాయి, అజూర్‌లో ప్రయారిటీ నంబర్లు, అనుమతీ నిరాకరణా రెండూ. ఒకరిని ఒక దాంట్లో గట్టిగా తయారుచెయ్యడానికే నెలలు పడతాయి, మూడింట్లోనూ అర్ధరాత్రి తడబడకుండా పనిచేసేలా తయారుచెయ్యాలంటే ఆ ముగ్గురికీ వేరే పనే ఉండకూడదు.

ఇక దారుల్లోకి వద్దాం.

మొదటిది, అంతా ఒకే క్లౌడ్‌లోకి తెచ్చేసి, అందులోనే రెండు రీజియన్లు వాడుకోవడం. ఇండియాలో ఇప్పుడు దీనికి వీలు బాగా ఉంది. ఏడబ్ల్యూఎస్‌కి ముంబై రీజియన్ 2016లో వచ్చింది, హైదరాబాద్ రీజియన్ 2022 నవంబర్‌లో మొదలైంది. అజూర్‌కి పూణే, చెన్నై, ముంబై, గూగుల్‌కి ముంబై, ఢిల్లీ ఉన్నాయి. అంటే ఏది పట్టుకున్నా డేటా దేశం దాటకుండానే డిజాస్టర్ రికవరీ (ఒకచోట పడిపోతే ఇంకోచోట లేపే ఏర్పాటు) పెట్టుకోవచ్చు. భాష ఒకటే, పర్మిషన్ల పద్ధతి ఒకటే, బిల్లు ఒకటే, కాబట్టి ముగ్గురికి ఇదే తేలిక. అయితే రెండో రీజియన్‌లో మీరు వాడే సర్వీసులన్నీ ఉన్నాయా లేదా ముందే చూసుకోవాలి, కొత్త రీజియన్లలో అన్నీ ఒకేసారి రావు, సర్వర్ రకాల్లో కూడా తేడాలుంటాయి.

మరి ఆ క్లౌడే మొత్తం పడిపోతే ఎట్టా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 2025లోనే మూడూ పెద్దగా పడ్డాయి. జూన్ 12న గూగుల్ క్లౌడ్‌లో సర్వీస్ కంట్రోల్ అనే భాగంలో ఖాళీ ఫీల్డులున్న ఒక పాలసీ డేటా అన్ని రీజియన్లకీ క్షణాల్లో పాకి దెబ్బకొట్టింది. అక్టోబర్ 20న ఏడబ్ల్యూఎస్ వర్జీనియా రీజియన్‌లో డైనమోడీబీ అనే డేటాబేస్ సర్వీసు డీఎన్ఎస్ (పేరుకి అడ్రసు చెప్పే) రికార్డు ఖాళీ అయిపోయి దాని మీద ఆధారపడ్డ సర్వీసులన్నీ వరసగా కుదేలయ్యాయి. అక్టోబర్ 29న అజూర్‌లో వెబ్ ట్రాఫిక్‌ని ముందు అందుకునే ఫ్రంట్ డోర్ అనే సర్వీసులో కాన్ఫిగరేషన్ మార్పు ఒకటి తప్పు పోయింది. కానీ ఇవన్నీ గంటల్లో లేచినవే. ఫీడ్ డీలర్‌కి ఏడాదిలో ఒక పూట బిల్లింగు ఆగడం ఇబ్బందే గానీ తట్టుకోలేనిది కాదు, డేటా మొత్తం పోతే మాత్రం కోలుకోలేడు. ఈ రెండు భయాల్నీ విడదీసి చూడండి, చాలామంది మొదటి దానికి భయపడి రెండో క్లౌడ్ కొని, రెండో దాన్ని పట్టించుకోరు.

అందుకే నాకు నచ్చే దారి రెండోది. మెయిన్ ఒకటి, ఇంకో క్లౌడ్‌లో బ్యాకప్ మాత్రమే. యాప్ నడవదు, సర్వర్ ఉండదు, ఒక స్టోరేజీ బకెట్టు, అందులో ఎన్‌క్రిప్ట్ చేసిన బ్యాకప్‌లు, అంతే. ఇది ఎందుకు కావాలో 2024 మేలో ఆస్ట్రేలియాలో జరిగిన సంగతి చెప్తది. యూనిసూపర్ అనే పెన్షన్ ఫండ్‌కి గూగుల్ క్లౌడ్‌లో ఉన్న ప్రైవేట్ క్లౌడ్లలో ఒకటి మొత్తం, సెటప్ చేసేటప్పుడు ఒక పారామీటర్ ఖాళీగా వదిలేసిన కారణంగా, దానంతటదే డిలీట్ అయిపోయింది, సభ్యులు వారం పైన తమ ఖాతాలు చూసుకోలేకపోయారు. వేరే ప్రొవైడర్ దగ్గర కూడా బ్యాకప్‌లు పెట్టుకుని ఉండబట్టి నష్టం తగ్గింది. దానికి ముందు 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లో స్ట్రాస్‌బోర్గ్‌లోని ఓవీహెచ్ డేటాసెంటర్ ఒకటి తగలబడిపోతే, అదే ఆవరణలో బ్యాకప్ పెట్టుకున్న కొంతమందికి ఏమీ మిగల్లేదు.

దీని ఖర్చు కూడా చూద్దాం. ఏడబ్ల్యూఎస్ నుంచి బయటికి వెళ్ళే డేటా నెలకి మొదటి 100 జీబీ ఉచితం, ఆ తర్వాత ముంబై నుంచి అయితే జీబీకి 0.11 డాలర్ దరిదాపుల్లో పడుద్ది. ఒక టీబీ బయటికి తోలితే 100 డాలర్ల దాకా అవుద్ది, దాని మీద 18 శాతం జీఎస్టీ. రోజూ ఫుల్ బ్యాకప్ వేరే క్లౌడ్‌కి పంపితే ఈ ఎగ్రెస్ (డేటా బయటికి పంపే) ఖర్చే మోత మోగిస్తది, అదే రెస్టిక్ లాంటి బ్యాకప్ టూల్‌తో మారిన ముక్కలే పంపితే రోజుకి మూడు జీబీ మారినా నెలకి 90 జీబీ, కాకపోతే మీ యూజర్లకి వెళ్ళే డేటా కూడా ఆ 100లోనే లెక్క కాబట్టి కొంత డబ్బు పడుద్ది, అయినా టీ ఖర్చులోకి వచ్చిద్ది. రెస్టిక్ ఏడబ్ల్యూఎస్ స్టోరేజీ ఎస్3కీ, అజూర్ స్టోరేజీ బ్లాబ్‌కీ, గూగుల్ స్టోరేజీకీ నేరుగా రాస్తది, డేటా పంపే ముందే ఎన్‌క్రిప్ట్ చేస్తది. అవతల బకెట్‌లో రిటెన్షన్ లాక్ పెట్టండి, మెయిన్ అకౌంట్ తాళాలు దొంగ చేతిలో పడ్డా బ్యాకప్‌ని చెరపలేకుండా ఉండాలి. పాస్‌వర్డ్ మాత్రం మెయిన్ క్లౌడ్ సీక్రెట్ స్టోర్‌లో ఒక్కచోటే పెట్టొద్దు, ఆ క్లౌడే పోయిన రోజు పాస్‌వర్డూ పోద్ది. మూడు నెలలకోసారి ఆ బ్యాకప్ నుంచి ఖాళీ మెషీన్ మీద డేటాబేస్ లేపి, ఎంతసేపు పట్టిందో రాసుకోండి. క్లయింట్ "పడిపోతే ఎంతసేపట్లో లేపుతారు" అని అడిగితే చెప్పాల్సింది ఆ రాసుకున్న టైమే.

మూడోది, పనిని బట్టి క్లౌడ్. చాలా టీములు తెలియకుండానే ఇందులో ఉంటాయి. యాప్ ఏడబ్ల్యూఎస్‌లో, క్లయింట్ పట్టుబట్టినది అజూర్‌లో, రిపోర్టులు గూగుల్ డేటా విశ్లేషణ సర్వీసు బిగ్‌క్వెరీలో. ఇది తప్పని నేననను, బిగ్‌క్వెరీ లాంటిది వాడే టీముకి సర్వర్ చూసుకునే పని లేకుండా పోతది, ఆ లాభం నిజమే. చూడాల్సింది ఒకటే, ఒక క్లౌడ్‌లో ఉన్న పని ఇంకో క్లౌడ్ బతికి ఉంటేనే నడిచేలా కట్టారా లేదా అని. యాప్ ఏడబ్ల్యూఎస్‌లో, దాని డేటాబేస్ అజూర్‌లో ఉంటే రెండింట్లో ఏది పడ్డా మీరు పడతారు, ప్రతి క్వెరీకీ ఎగ్రెస్ కడతారు, ఆలస్యం వేరే. అదే రాత్రికి ఒకసారి ఫైల్ వెళ్ళి రిపోర్టు తయారై వచ్చే పద్ధతైతే, అవతల వైపు పడినా ఒక రోజు రిపోర్టు ఆలస్యం అవుద్ది, అంతకు మించి ఏం కాదు. క్లౌడ్ల మధ్య ఫైల్ వెళ్ళొచ్చు, క్యూ మెసేజ్ వెళ్ళొచ్చు, డేటాబేస్ కనెక్షన్ వెళ్ళకూడదు అనేది నా గీత.

నాలుగోది, ఒకే యాప్ రెండు క్లౌడ్లలో ఒకేసారి నడవడం. ఐదుగురి లోపు టీం దీని జోలికి పోవద్దు. డేటాబేస్‌ని రెండు క్లౌడ్ల మధ్య సింక్‌లో ఉంచడం, ట్రాఫిక్ అటూ ఇటూ మార్చడం, ప్రతి డిప్లాయ్‌నీ (కొత్త కోడ్ ఎక్కించడాన్ని) రెండు చోట్లా టెస్ట్ చెయ్యడం, ఇవన్నీ రోజువారీ పనులు, ఆ పని తెచ్చే కొత్త లోపాల వల్ల పడే సార్లు క్లౌడ్ పడే సార్లకన్నా ఎక్కువుంటాయి. క్లయింట్ టెండర్‌లో రాశాడు కాబట్టి చెయ్యాల్సిందే అంటే ఆ మాట పక్కన మనుషుల జీతం కూడా రాయించండి.

ఐదోది, బయట మేనేజ్డ్ సర్వీస్ వాళ్ళకి అప్పజెప్పడం. రాత్రి ఫోన్ ఎత్తేవాళ్ళు లేని టీముకి ఇది మంచిదే, మొదటి చూపు వాళ్ళు చూసి సర్వర్ రీస్టార్ట్ లాంటివి చేసి, అవ్వకపోతే మిమ్మల్ని లేపుతారు. ఒప్పందం రాసుకునేటప్పుడు రూట్ అకౌంట్, బిల్లింగ్ అకౌంట్, డొమైన్ మీ కంపెనీ పేరునే ఉండాలి, వాళ్ళకిచ్చేది తీసేసుకోగలిగిన రోల్ మాత్రమే అయ్యుండాలి. ఈ ఒక్కదాంట్లో మెత్తబడొద్దు.

ఇప్పుడు టూల్స్. కన్సోల్‌లో (క్లౌడ్ వాళ్ళ వెబ్ పేజీలో) క్లిక్ చేసుకుంటూ పోవడం ఒక క్లౌడ్, రెండు సర్వర్లు ఉన్నప్పుడు నడుస్తది, రెండో క్లౌడ్ వచ్చిన రోజే ఆపెయ్యాలి, ఎందుకంటే ఎవరు ఏం మార్చారో ఎవరికీ గుర్తుండదు. అప్పుడు సర్వర్లనీ నెట్‌వర్కునీ కోడ్‌గా రాసిపెట్టుకునే టూల్స్ కావాలి, పోటీ టెర్రాఫామ్, ఓపెన్‌టోఫు, పులుమి మధ్య ఉంటది. టెర్రాఫామ్‌ని హాషికార్ప్ అనే కంపెనీ 2014లో తెచ్చింది, 2023 ఆగస్టులో దాని లైసెన్స్ ఓపెన్ సోర్స్ నుంచి బిజినెస్ సోర్స్ లైసెన్స్‌కి మార్చారు, దానికి జవాబుగా ఓపెన్‌టోఫు అనే ఫోర్క్ (అదే కోడ్ నుంచి విడదీసిన రూపం) లినక్స్ ఫౌండేషన్ కిందికి వచ్చింది, 2024 జనవరిలో 1.6 వెర్షన్ వచ్చింది, ఆ తర్వాత హాషికార్ప్‌ని ఐబీఎం కొనేసింది. మీ సొంత సర్వర్లకి వాడుకోవడానికి టెర్రాఫామ్ లైసెన్స్ అడ్డం రాదు కాబట్టి ఇప్పటికే దాని మీద ఉన్నవాళ్ళు హడావిడి పడి మారక్కర్లేదు. కొత్తగా మొదలుపెట్టే వాళ్ళకి నేను ఓపెన్‌టోఫు చెప్తా, ముఖ్యంగా 1.7 నుంచి స్టేట్ ఫైల్‌ని (ఏమేం సృష్టించిందో రాసుకునే ఫైల్‌ని) ఎన్‌క్రిప్ట్ చేసే వీలు అందులోనే ఉంది, స్టేట్ ఫైల్‌లో డేటాబేస్ పాస్‌వర్డులు మామూలు అక్షరాల్లో పడి ఉండే అవకాశం ఉంది కాబట్టి చిన్న టీముకి ఇది పెద్ద నిమ్మళం. పులుమి పైథాన్‌లోనో టైప్‌స్క్రిప్ట్‌లోనో రాసుకోవచ్చు, టీములో అందరూ డెవలపర్లే అయితే అది తొందరగా అలవాటవుద్ది, కాకపోతే ఇన్‌ఫ్రా కోడ్‌లో కూడా లూపులూ క్లాసులూ పెట్టి దాన్ని ఇంకో యాప్ చేసేస్తారు, అది చూసుకోవాలి.

ఒక అపోహ మాత్రం ఇక్కడే పోగొట్టుకోండి. టెర్రాఫామ్ వాడితే ఏ క్లౌడ్‌కైనా మారిపోవచ్చు అనుకుంటారు. భాష ఒకటే గానీ కోడ్ ఒకటి కాదు, ఏడబ్ల్యూఎస్ సర్వర్‌కి రాసింది అజూర్‌కి పనికిరాదు, మళ్ళీ మొదట్నుంచి రాయాల్సిందే. మారడానికి నిజంగా సాయపడేవి రెండు. ఒకటి మీ యాప్ కంటైనర్ ఇమేజ్‌గా (నడవడానికి కావాల్సినవన్నీ కలిపి కట్టిన ప్యాకెట్‌గా) ఉండడం, రెండు మీ డేటా పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఉండడం, ఎందుకంటే మూడు క్లౌడ్లూ మేనేజ్డ్ పోస్ట్‌గ్రెస్ ఇస్తాయి, కంటైనర్ని యాడైనా నడపొచ్చు. డైనమోడీబీ, అజూర్ కాస్మోస్ డీబీ లాంటి ఒక్కో క్లౌడ్ సొంత డేటాబేస్‌లు మంచివే, కానీ అందులోకి దిగితే ఆ క్లౌడ్‌కి కట్టుబడ్డట్టే, తెలిసి దిగండి.

కుబర్నెటీస్ (కంటైనర్లని చాలా సర్వర్ల మీద నడిపే వ్యవస్థ) అన్ని చోట్లా పెట్టేస్తే అంతా ఒకేలా ఉంటది కదా అనే ఆలోచన ప్రతి టీముకీ వస్తది. కుబర్నెటీస్‌కి ఏడాదికి మూడు వెర్షన్లు వస్తాయి, ఒక్కో దానికి సపోర్ట్ 14 నెలలు. అంటే మూడు క్లౌడ్లలో మూడు క్లస్టర్లుంటే (అది నడిచే సర్వర్ల గుంపులుంటే) ఏడాది పొడవునా ఎక్కడో ఒకచోట అప్‌గ్రేడ్ పనిలోనే ఉంటారు. ఏడబ్ల్యూఎస్ కుబర్నెటీస్ సర్వీసు ఈకేఎస్‌లో కంట్రోల్ ప్లేన్‌కి (క్లస్టర్ని నడిపించే భాగానికి) గంటకి 0.10 డాలర్, నెలకి 73 డాలర్లు, మామూలు సపోర్ట్ దాటిన పాత వెర్షన్ మీదే ఉంటే గంటకి 0.60, అంటే నెలకి 438. గూగుల్ జీకేఈకి కూడా గంటకి 0.10 గానీ నెలకి 74.40 డాలర్ల క్రెడిట్ ఇస్తారు కాబట్టి ఒక చిన్న క్లస్టర్ ఉచితమైనట్టే, అజూర్ ఏకేఎస్‌లో ఫ్రీ టయర్ ఉంది. డబ్బు కన్నా బరువు వేరే చోట ఉంది, లోడ్ బ్యాలెన్సర్, డిస్కులు, పర్మిషన్లు మూడింట్లోనూ మూడు రకాలుగా అతుక్కుంటాయి, రాత్రి ఇబ్బంది వచ్చేది సరిగ్గా ఆ అతుకుల దగ్గరే. ముగ్గురికి నా సలహా, కంటైనర్ ఇస్తే క్లౌడే నడిపిపెట్టే సర్వీసులు, అంటే గూగుల్‌లో క్లౌడ్ రన్, అజూర్‌లో కంటైనర్ యాప్స్, ఏడబ్ల్యూఎస్‌లో ఈసీఎస్ ఫార్గేట్. అదే ఇమేజ్ మూడింట్లోనూ నడుస్తది, క్లస్టర్ చూసుకునే పని వాళ్ళది. మామూలు వర్చువల్ మెషీన్ మీద కంటైనర్లని నడిపే డాకర్ కంపోజ్ పెట్టి, సర్వర్ సెట్టింగులు చేసిపెట్టే అన్సిబుల్‌తో నడుపుకోవడం కూడా నాకు గౌరవమైన పద్ధతే, నలభై యాభై మంది డీలర్లు వాడే యాప్‌కి అంతకన్నా అవసరం లేదు.

మానిటరింగ్ గురించి చెప్పాలంటే, ఏ క్లౌడ్ మానిటరింగ్ ఆ క్లౌడ్‌లో ఉంచి మూడు స్క్రీన్లు చూసుకోవడం అనే పద్ధతి ముగ్గురికి కుదరదు. ఒకేచోటికి తెచ్చుకోవాలి. డబ్బు కట్టి వాడే డేటాడాగ్ చాలా బాగుంటది, పెట్టిన రోజే అన్నీ కనపడతాయి, కానీ హోస్టుకింత అని బిల్లు కాబట్టి సర్వర్లు పెరిగే కొద్దీ అదీ పెరుగుద్ది. కొలతలు సేకరించే ప్రొమీథియస్, వాటిని గ్రాఫుల్లో చూపే గ్రఫానా సొంతంగా పెట్టుకుంటే డబ్బు తక్కువ, పని ఎక్కువ, పైగా దాన్ని ఎవరు కనిపెట్టుకుని ఉంటారు అనే సమస్య. చిన్న టీం ముందు గ్రఫానా క్లౌడ్ ఉచిత ప్లాన్ చూడాలి, 10 వేల సిరీస్ మెట్రిక్స్, 50 జీబీ లాగ్స్, 14 రోజుల నిల్వ, మొదట్లో నడవడానికి ఇది చాలు. కోడ్‌లో మాత్రం మెట్రిక్స్, లాగ్స్ పంపే పని ఓపెన్‌టెలిమెట్రీ అనే ఉమ్మడి పద్ధతితోనే పెట్టండి, రేపు గ్రఫానా వదిలి ఇంకోదానికి పోయినా కోడ్ ముట్టుకోనక్కర్లేదు. సైట్ బతికుందా లేదా అని బయట నుంచి చూసే చెక్ మాత్రం మెయిన్ క్లౌడ్‌లో ఉండకూడదు. రాత్రి ఫోన్ మోగించడానికి ఆప్స్‌జీనీ తీసుకుందామనుకునే వాళ్ళకి ఒక మాట, అట్లాసియన్ దాని కొత్త అమ్మకాలు 2025 జూన్‌లో ఆపేసింది, 2027 ఏప్రిల్‌లో పూర్తిగా మూసేస్తున్నారు, కాబట్టి ఇప్పుడు అందులోకి దిగొద్దు.

లాగ్స్ విషయంలో చట్టం కూడా ఉంది, దీన్ని మన వైపు చాలామంది పట్టించుకోరు. కేంద్రప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ ఘటన జరిగినట్టు తెలిసిన 6 గంటల్లోపు వాళ్ళకి చెప్పాలి, సిస్టమ్ లాగ్స్ 180 రోజులు దాచాలి. ఇప్పుడు మూడు క్లౌడ్ల డిఫాల్ట్ చూడండి. ఏడబ్ల్యూఎస్‌లో ఎవరేం చేశారో రాసుకునే క్లౌడ్‌ట్రెయిల్ ఈవెంట్ హిస్టరీ 90 రోజులే, అజూర్ యాక్టివిటీ లాగ్ కూడా 90 రోజులే, గూగుల్‌లో అడ్మిన్ ఆడిట్ లాగ్స్ 400 రోజులు ఉంటాయి గానీ మామూలు లాగ్స్ 30 రోజులకే పోతాయి. అంటే ఏమీ చెయ్యకుండా వదిలేస్తే మూడు చోట్లా ఏదో ఒక రకంగా చట్టానికి తక్కువ పడతారు. ఎన్ని క్లౌడ్లుంటే ఈ సెట్టింగ్ అన్నిసార్లు చెయ్యాలి, అన్నిసార్లు సరిచూడాలి. ఇండియా రీజియన్‌లో ఒకే బకెట్ పెట్టి అన్ని ఆడిట్ లాగ్స్ అందులోకి తోలి 180 రోజుల పైన నిల్వ పెట్టండి. పేమెంట్ డేటా ముట్టుకునే వాళ్ళకి ఆర్‌బీఐ 2018 ఏప్రిల్ ఆదేశం ఉండనే ఉంది, దేశంలోనే దాచాలి, కాబట్టి బ్యాకప్ క్లౌడ్ రీజియన్ కూడా ఇండియాదే ఎంచుకోవాలి. డీపీడీపీ (వ్యక్తిగత డేటా రక్షణ చట్టం) రూల్స్ 2025 నవంబర్‌లో వచ్చాయి, ఆసుపత్రి యాప్ నడిపే వాళ్ళు దానికి ఇప్పట్నుంచే సిద్ధమవ్వాలి.

లాగిన్లు. దీనికి పోలిక అక్కర్లేదు, ఒకటే దారి. గూగుల్ వర్క్‌స్పేస్ గానీ మైక్రోసాఫ్ట్ ఎంట్రా గానీ ఒకదాన్ని అసలు గుర్తింపుగా పెట్టి, అన్ని క్లౌడ్లలోకీ దాని మీదుగానే వెళ్ళాలి. ఒకరు ఉద్యోగం మానేసి బెంగళూరు పోయిన రోజు ఒక్కచోట ఆపితే అన్నిట్లో ఆగిపోవాలి. కోడ్‌ని దానంతటదే క్లౌడ్‌కి ఎక్కించే గిట్‌హబ్ యాక్షన్స్‌లో ఏడబ్ల్యూఎస్ కీలు, అజూర్ సీక్రెట్లు దాచుకోవడం మానేసి ఓఐడీసీ (ప్రతిసారీ కాసేపే పనిచేసే తాళం ఇచ్చే పద్ధతి) పెట్టుకోండి, మూడు క్లౌడ్లూ దాన్ని ఒప్పుకుంటాయి, దొంగిలించడానికి శాశ్వతమైన కీ అంటూ ఉండదు.

ఇంకో సంగతి, మన జిల్లాల వాళ్ళకి ఇది ముఖ్యం. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాలు, తుఫాన్లు. 2021 నవంబర్‌లో పెన్నా పొంగినప్పుడు కోవూరు దగ్గర జాతీయ రహదారి తెగింది, పడుగుపాడు దగ్గర రైల్వే లైన్ కొట్టుకుపోయింది. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్, 2025 అక్టోబర్‌లో మొంథా. మీ యాప్ ముంబైలోనో హైదరాబాద్‌లోనో చక్కగా నడుస్తుంటది, దాన్ని చూసుకునే ముగ్గురూ నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో కరెంటు లేకుండా, నెట్ లేకుండా కూర్చుంటారు. ఎన్ని క్లౌడ్లు కొన్నా దీనికి మందు లేదు. రెండో క్లౌడ్‌కి పెట్టే డబ్బుతో ముందు ఇద్దరి ఇళ్ళల్లో వేరే వేరే కంపెనీల ఫైబర్, ఇన్వర్టర్, రెండు నెట్‌వర్కుల సిమ్‌లు పెట్టించండి, వీలైతే టీములో ఒకరు హైదరాబాద్‌లోనో ఒంగోలులోనో ఉండేలా చూడండి. ఫోన్ నుంచి చెయ్యగలిగే పనులు నాలుగు, అంటే రీస్టార్ట్, వెనక్కి రోల్‌బ్యాక్, మెయింటెనెన్స్ పేజీ పెట్టడం, డీఎన్ఎస్ మార్చడం, వీటిని ఒక్క బటన్‌తో అయ్యేలా పైప్‌లైన్‌లో రాసి పెట్టుకోండి. తుఫాను హెచ్చరిక వచ్చిన రోజు నుంచి డిప్లాయ్‌లు ఆపెయ్యండి.

ఇక ఎవరికి ఏది. ఇద్దరే ఉంటే ఒకే క్లౌడ్, బ్యాకప్ ఇంకోచోట, ఇంకేం ఆలోచించొద్దు. ముగ్గురు నలుగురు ఉండి క్లయింట్ వల్ల రెండో క్లౌడ్ తప్పకపోతే, అక్కడ వాడే సర్వీసులు మూడు నాలుగుకి మించనివ్వకండి, కంటైనర్ యాప్, పోస్ట్‌గ్రెస్, స్టోరేజీ, అంతే, దాని ఓపెన్‌టోఫు కోడ్ మెయిన్‌తో పాటు ఒకే రిపోలో ఉండాలి, ఆ క్లౌడ్ బాగా తెలిసినవాళ్ళు కనీసం ఇద్దరుండాలి, ఒక్కరికే తెలిస్తే ఆయన సెలవు పెట్టిన రోజు ఆ క్లయింట్‌కి ఎవరూ లేనట్టే. మూడో క్లౌడ్ క్రెడిట్ల కోసం వచ్చినదైతే, క్రెడిట్లు అయిపోయే తేదీ క్యాలెండర్‌లో రాసి, ఆ తేదీకి రెండు నెలల ముందే బయటపడే పని మొదలుపెట్టండి. ఐదుగురు దాటి, రాత్రి షిఫ్ట్ నిజంగా పంచుకునే స్థితి వచ్చాక కుబర్నెటీస్ గురించి మాట్లాడుకోవచ్చు, అది కూడా ఒక్క క్లౌడ్‌లో.

ఖర్చు చూసుకోవడానికి మొదట్లో వేరే టూల్ కొనక్కర్లేదు. మూడింట్లోనూ బడ్జెట్ అలర్ట్ పెట్టి, ప్రతి రిసోర్స్‌కీ క్లయింట్ పేరు, యాప్ పేరు, ఎవరిది అనే మూడు ట్యాగ్‌లు తప్పనిసరి చెయ్యండి. అలర్ట్ మెయిల్ పంపుతది గానీ ఖర్చుని ఆపదు అని గుర్తుంచుకోండి. మర్చిపోయి వదిలేసిన నాట్ గేట్‌వేలు (లోపలి సర్వర్లని నెట్‌కి కలిపేవి), పబ్లిక్ ఐపీలు నెలకోసారి వెతకండి, ఏడబ్ల్యూఎస్ 2024 ఫిబ్రవరి నుంచి ప్రతి పబ్లిక్ ఐపీవీ4కీ గంటకి 0.005 డాలర్ వసూలు చేస్తోంది, వాడకపోయినా సరే.

ఇప్పటికే మూడింట్లో ఇరుక్కుని ఉండి ఒకదాంట్లోంచి పూర్తిగా బయటికి రావాలనుకునే వాళ్ళు డేటా తీసుకెళ్ళే ఖర్చుకి భయపడి ఆగొద్దు. 2024 జనవరిలో గూగుల్, మార్చిలో ఏడబ్ల్యూఎస్, మైక్రోసాఫ్ట్, తమని వదిలి వెళ్ళే కస్టమర్లకి ఎగ్రెస్ ఛార్జీ మాఫీ చేస్తామని ప్రకటించాయి. కాకపోతే అది దానంతటది రాదు, డేటా కదిలించక ముందే సపోర్ట్‌కి రాసి ఒప్పించుకోవాలి, ఇచ్చిన గడువులో మొత్తం తరలించాలి, ఒక్కో కంపెనీ షరతు ఒక్కో రకం కాబట్టి చదువుకునే అడగండి. ముందు స్టోరేజీ ఫైళ్ళు, తర్వాత రిపోర్టులు, ఆఖర్న డేటాబేస్ కదిలించండి. ఆ డేటాబేస్ కదిలించే రాత్రి మాత్రం ఫీడ్ డీలర్లకి నెలాఖరు లెక్కలున్న రోజు కాకుండా, నెల మధ్యలో పెట్టుకోండి.